నల్ల క్లిప్పు

ఆగస్టు 4. (అచ్చులో గురువారం అని ఉంది. తప్పు. ఈరోజు సోమవారం.)

రాగి తీగ అమ్మే కంపెనీవాళ్ళు మూడేళ్ళ కిందట ఊరికే ఇచ్చిన డైరీ ఇది. షాపులో వార్నిష్ డబ్బా కింద దొరికింది. తేదీలు పనికొస్తాయి, వారాలు పనికిరావు. మోటార్లకు తీగ చుట్టుకునేవాణ్ణి, తొమ్మిదో తరగతి తప్పినవాణ్ణి, ఆమాత్రం దిద్దుకోవడం నాకూ వచ్చు.

రాయడం దేనికంటే, మా ఆవిడ నన్ను నోరు మూసుకోమంది. చేతుల సంగతి ఏమీ అనలేదు.

టీచరమ్మ టౌనుకు ఉత్తరం రాసింది. పిల్లల ఆఫీసని ఒకటుందట, దానికి. నా మేనకోడలు చదివే బడిలో టీచరమ్మ. ఉత్తరంలో ఏముందో తానే నాకు చదివి వినిపించింది, దాచుకోలేదు, అదొక గొప్ప. ‘గురువారం వంటింట్లో మంట లేచింది. పిల్ల అరచెయ్యి కాలింది. తల్లికీ తండ్రికీ వయసుకు తగ్గ తెలివి లేదు. వాళ్ళు పిల్లను పెంచలేరు.’ నాలుగు వాక్యాలు. మొదటి మూడూ నిజం, నాలుగోది అబద్ధం. మూడు నిజాల పక్కన కూర్చోబెడితే అబద్ధానికి కూడా ఎంత మర్యాదో.

“మీ చెల్లెలు మంచిది కాదని నేననలేదండీ,” అంది టీచరమ్మ.

“మరేమన్నారు?”

“పిల్ల మంచి కోసం...”

పిల్ల మంచి. పన్నెండేళ్ళ పిల్ల. నేను మేస్త్రి అంటాను దాన్ని. ఆ ఇంటికి మేస్త్రి అదే. తల్లినీ తండ్రినీ లేపేది అదే, పనికి పంపేది అదే. దాని మంచి నాకు తెలియదు, వీళ్ళకు తెలుసు.

ఒళ్ళు మండిపోతోంది.

ఆగస్టు 5

పాలకేంద్రం గుమాస్తా షాపుకొచ్చి, బల్ల మీద కూర్చుని, “పొగ ముందు చూసింది నేనే గురువుగారూ,” అని ఇది నాలుగోసారి చెప్పడం. పొగ చూడటం కూడా ఒక ఉద్యోగమైనట్టు. వీడి సైకిలు సీటు ఏడాదిపాటు నెలకో అరంగుళం దించాను. మోకాళ్ళు గడ్డానికి తగులుతుంటే, కాళ్ళు పెరుగుతున్నాయేమోనని డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. ఇంకో ఏడాది దించాల్సింది.

ఆగస్టు 7

ఆఫీసరమ్మ వచ్చింది. లావుగా, గట్టిగా అరిచే మనిషి వస్తుందనుకున్నాను, అరవడానికి నేను కూడా గొంతు సవరించుకునే ఉన్నాను. సన్నగా ఉంది. చెప్పులు గుమ్మం బయట విడిచి వచ్చింది. తిట్టడానికి వీల్లేకుండా ఉండేవాళ్ళంటే నాకు మరీ మంట.

రెండు గదుల ఇల్లు. నా షాపు వెనకే, మధ్యలో ఒక గోడ. వంటింటి గోడ పైకప్పు దాకా నల్లబడింది. కిటికీ గుడ్డ కాలిపోయింది, చెక్క అర కాలిపోయింది. చెల్లి మొగుడు, మా బావ, దాని కింద నిలబడి ఆఫీసరమ్మకు నమస్కారం పెట్టి, చెయ్యి దించడం మర్చిపోయాడు. చెల్లి మూలన కూర్చుంది. వీళ్ళిద్దరూ నర్సరీలో పని చేస్తారు, మొక్కల సంచుల్లో మట్టి నింపడం. వీళ్ళు నింపిన సంచిలో గాలి బుడగ ఉండదని, వీళ్ళ మొక్క చావదని నర్సరీ యజమాని అందరితో చెప్పుకుంటాడు. లెక్క మాత్రం వేరేవాళ్ళు పెట్టుకోవాలి.

“ఇదేమిటి?” అంది ఆఫీసరమ్మ, గోడకు రెండు మేకుల మధ్య కట్టిన తాడు చూసి.

మేస్త్రి చెప్పింది. కట్టు కట్టిన చెయ్యి వెనక్కి పెట్టుకుని, పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది.

“బట్టల క్లిప్పులు. నేను ఏడింటికే బడి బస్సెక్కాలి. వెళ్ళే ముందు వరసగా పెట్టి వెళ్తాను. నీలం అంటే పంపు దగ్గర నీళ్ళు పట్టడం. పసుపు నాన్న స్నానం. ఎరుపు గ్యాసు పొయ్యి వెలిగించడం. నలుపు పొయ్యి ఆర్పడం. ఆకుపచ్చ తాళం వేసి పనికెళ్ళడం. ఒక పనికి ముందు ఆ క్లిప్పు తీసి చేతిలో పట్టుకోవాలి. పని అయ్యాక డబ్బాలో వెయ్యాలి. క్లిప్పు ఎవరు తీస్తే పని వాళ్ళది.”

“ఎవరు నేర్పారు?”

“ఎవరూ నేర్పలేదు. రెండో తరగతిలో ఉన్నప్పుడు మొదలుపెట్టాను.”

ఆఫీసరమ్మ అది రాసుకుంది. తర్వాత చెల్లి ముందు నేల మీదే కూర్చుని అడిగింది. “గురువారం పొయ్యి ఎందుకు ఆర్పలేదమ్మా?”

చెల్లి తల దించుకుంది.

“మర్చిపోయావా?”

తల ఇంకా దించుకుంది. టీచరమ్మ అడిగినప్పుడూ అంతే, గుమాస్తా అడిగినప్పుడూ అంతే. ‘ఎందుకు’ అంటే దానికి చిన్నప్పటి నుంచీ అర్థం కాదు. తిడుతున్నారనుకుంటుంది. అంత చదివిన మనిషికి ఆ సంగతి తెలియదు. నాకు తెలుసు. చెప్పలేదు.

పందొమ్మిదో తారీఖున టౌనులో విచారణట. పిల్లను టౌనులో పిల్లల హోముకు పంపాలా, ఇంట్లోనే ఉంచాలా అని ఆరోజు తేలుస్తారు.

ఆగస్టు 8

మంట లేచిన గురువారం పొద్దున నేను వాళ్ళింటికి వెళ్ళిన మాట నిజమే. స్క్రూడ్రైవర్ కోసం వెళ్ళాను. తెచ్చుకున్నాను. అంతే.

ఆగస్టు 10

ఆదివారం. షాపు మూసేశాను.

చెల్లి పుట్టినప్పుడు నాకు ఆరేళ్ళు. దానికి నాలుగేళ్ళొచ్చినా మాట రాకపోతే మా అమ్మ నన్ను పక్కకు పిలిచి, “దాన్ని చూసి ఎవడైనా నవ్వితే పళ్ళు రాలగొట్టు,” అంది. రాలగొట్టాను. ఎంతమందివని రాలగొడతాం. తర్వాత ఒక ఉపాయం తట్టింది. వాళ్ళు దాన్ని చూసి నవ్వకముందే ఇంకోడిని చూపించి నవ్విస్తే సరిపోతుంది. బడిలో పంతులు కుర్చీకి జిగురు పూశాను. దుకాణంవాడి గంటకు దారం కట్టి ఎక్కడో కూర్చుని లాగాను. అలా మొదలైందే ఇదంతా. నలభై ఎనిమిదేళ్ళొచ్చాయి, ఇంకా వదల్లేదు.

దానికీ నవ్వడం ఇష్టం. నేను నవ్వితే అది నవ్వుతుంది.

సాయంత్రం మా బావ మీద అరిచాను. ఆరిపోయి ఉన్న పొయ్యి దగ్గర నిలబడి పిడి తిప్పుతున్నాడు. కనిపించిన ప్రతిసారీ తిప్పుతున్నాడట, పది రోజుల నుంచీ.

“అది ఆరే ఉంది కదయ్యా,” అన్నాను.

“ఆర్పుతా బావా.”

“ఆరిపోయిందంటున్నానా?”

“ఇంకోసారి ఆర్పుతా బావా.”

ఎంత మాట వస్తే అంత అన్నాను. అప్పుడెక్కడ చచ్చావు, అప్పుడు తిప్పాల్సింది, ఇల్లు కాల్చుకున్నారు ఇద్దరూ కలిసి, పిల్లను పోగొట్టుకుంటారు, అని. నవ్వుతూ విన్నాడు. నేను అరిస్తే పరాచికమే అనుకుంటాడు. నేనెప్పుడూ పరాచికంగానే అరుస్తాను గనక.

ఆగస్టు 11

పొద్దున టిఫిను పళ్ళెం పక్కన మా ఆవిడ నల్ల క్లిప్పు పెట్టింది.

“ఉతకడానికి తీస్తే చొక్కా జేబులో దొరికింది,” అంది. “గురువారం చొక్కా. దొరికి వారమైంది.”

ఆవిడ నోరు మూసుకోమన్నది ఎందుకో ఈ పాటికి నాకు తెలియదని కాదు. తెలియనట్టు వారం నుంచీ ఈ డైరీలో నాకు నేనే కథ చెప్పుకుంటున్నాను. టీచరమ్మ, గుమాస్తా, ఆఫీసరమ్మ, బావ. ఒక్కొక్కరినీ తిడుతూ వచ్చాను. ఇంక మిగిలింది ఎవరు?

సరే, రాస్తాను.

గురువారం మేస్త్రి బస్సెక్కాక స్క్రూడ్రైవర్ కోసం వెళ్ళాను. బావ అప్పుడే స్నానం చేసి తల తుడుచుకుంటున్నాడు. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. తాడు మీద రెండే క్లిప్పులున్నాయి, నలుపు, ఆకుపచ్చ. నాకు బుద్ధి పుట్టింది. డబ్బాలో నుంచి పసుపు తీసి నలుపు ఉన్నచోట పెట్టాను, నలుపు జేబులో వేసుకున్నాను. బావ మళ్ళీ స్నానానికి వెళ్తాడు, తడి తలతో. ఇంతకుముందు ఐదారుసార్లు చేశాను ఇది. ప్రతిసారీ బావ వెళ్ళాడు, ప్రతిసారీ నవ్వి చచ్చాను. ఒకసారి మూడుసార్లు పోసుకున్నాడు.

నలుపు అంటే ఏమిటో నాకు తెలియదని రాయబోయాను. తెలుసు. దాని స్ప్రింగు విరిగితే రాగి తీగ చుట్టి బాగు చేసిచ్చింది నేనే. ‘పొయ్యిది మామయ్యా, గట్టిగా చుట్టు,’ అంది మేస్త్రి.

బావ బకెట్టు పట్టుకుని వెళ్ళాడు. నేను నవ్వుతూ నిలబడ్డాను. ఇంకో నిమిషం నవ్వి పొయ్యి నేనే ఆర్పుదామనుకున్నాను. అప్పుడే షాపు ముందు ఎవరో కాలిపోయిన మోటారు దించారు, పిలిచారు. వెళ్ళాను. వైండింగు విప్పుతూ కూర్చున్నాను. వాళ్ళిద్దరూ తాళం వేసి పనికి పోయారు.

ఆరోజు బడి ఒంటిపూట. పదకొండింటికి మేస్త్రి వచ్చి తాళం తీసి లోపలికి పరిగెత్తింది. గుమాస్తా పొగ చూసి కేక వేస్తే నేను గోడ దూకేటప్పటికి అది కాలుతున్న గిన్నెను చేత్తో లాగి పడేసింది. పొయ్యి పిడి కూడా అదే తిప్పింది.

ఇంకా బతికే ఉన్నాను, టిఫిను కూడా తిన్నాను.

ఆగస్టు 12

చెప్తాను. రేపు.

ఆగస్టు 13

షాపులో పని ఎక్కువ.

ఆగస్టు 14

మేస్త్రి షాపుకొచ్చింది. కట్టు విప్పేశారు. అరచేతి చర్మం గులాబీ రంగులో కొత్తగా మెరుస్తోంది. పిడికిలి పూర్తిగా మూసుకోవడం లేదు.

“మామయ్యా, నీకు తాడు పెట్టడం నేర్పిస్తాను, రా.”

“నాకెందుకు?”

“నేను వెళ్ళిపోయాక నువ్వే పెట్టాలి కదా.”

“ఎక్కడికి పోతావే? ఇంకా విచారణే కాలేదు.”

“అడిగితే వెళ్తాననే చెప్తాను,” అంది. బల్ల మీదున్న తీగ ముక్కలన్నీ ఒక పక్కకు వరసగా పేరుస్తోంది. దానికి ఏదీ చెదరి ఉండకూడదు. “తప్పు నాదే మామయ్యా. నల్లది పెట్టడం మర్చిపోయాను. ఇల్లంతా వెతికాను, డబ్బాలో కూడా లేదు. ముందే ఎక్కడో పారేసుకుని ఉంటాను, చూసుకోలేదు. అమ్మ ఏం చేస్తుంది, తాడు మీద లేనిది ఎలా చేస్తుంది? నాకే చూసుకోవడం రాలేదు.”

జేబులో ఉంది క్లిప్పు. మా ఆవిడ పెట్టిన రోజు నుంచీ జేబులోనే ఉంది. చెయ్యి దాని మీదే ఉంది.

“పెట్టే ఉంటావులే,” అన్నాను.

“పెడితే ఏమైంది మరి?”

ఊరంతటికీ సమాధానాలు చెప్పే నోరు ఇది.

దాని వెంట వెళ్ళాను. తాడు ముందు నిలబెట్టి నేర్పింది. నీలం, పసుపు, ఎరుపు, నలుపు బదులు గోధుమరంగు, ఆకుపచ్చ. నేను పెడుతుంటే చేతి మీద కొట్టింది.

“అలా కాదు. తోక కిందికి ఉండాలి.”

అది పొట్టిది, కింద నుంచి అందుకుని పెడుతుంది, క్లిప్పు తోకలు కిందికి వేలాడతాయి. నేను పొడుగు, పైనుంచి పెడతాను, తోకలు పైకి నిలబడతాయి. “ఎలా ఉంటే ఏం, రంగే కదా,” అన్నాను.

“అమ్మకు అన్నీ కనిపిస్తాయి,” అంది.

చెల్లి గుమ్మంలో కూర్చుని మా ఇద్దరినీ చూస్తోంది. నేను పెట్టిన పసుపు క్లిప్పు వైపు చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఆగస్టు 16

టీచరమ్మకు చెప్పాను. బడి గేటు దగ్గర ఆపి మొత్తం చెప్పాను, నలుపు తీసింది నేను, పసుపు పెట్టింది నేను.

ఆవిడ నా మొహంలోకి చూసి, “మీ బాధ నాకర్థమవుతుందండీ,” అంది.

“బాధ కాదమ్మా, జరిగింది చెప్తున్నాను.”

“పోయినేడు నాకు గేదె లాటరీలో తగిలిందని చెప్పింది కూడా మీరే కదండీ. దాణా కూడా కొన్నాను.”

అవును. నేనే.

గుమాస్తాకు చెప్పాను. బల్ల మీద నుంచి కింద పడేంత నవ్వాడు. “ఈసారి ఎవరి మీద వేస్తున్నారు గురువుగారూ? ఆఫీసరమ్మ మీదా?”

కోపంతో చెవులు వేడెక్కాయి. ముప్పై ఏళ్ళు కష్టపడి కట్టుకున్నాను ఈ పేరు. నేను అబద్ధం చెప్తే ఊరు నమ్ముతుంది, నిజం చెప్తే పరాచికమంటుంది.

మేస్త్రికి మాత్రం చెప్పలేదు. దానికి చెప్పాల్సింది ముందు. దాన్ని వదిలి మిగతా అందరికీ చెప్పాను. నమ్మరని తెలిసినవాళ్ళకే చెప్పానేమో.

ఆగస్టు 19

విచారణ. బస్సులో పోయి బస్సులో వచ్చాం. రాయాల్సింది చాలా ఉంది, పూర్తిగా రాస్తాను.

పొడుగాటి బల్ల, పైన తిరిగీ తిరగనట్టు ఫ్యాను. దాని బేరింగు పోయింది, ఆ చప్పుడు వింటుంటే నా చేతులు ఊరుకోలేదు. బల్లకు అటు ఆఫీసరమ్మ, పక్కన టైపు చేసే ఆయన. ఇటు మేం. చెల్లి, బావ, మధ్యలో మేస్త్రి, చివర నేను. గోడ వారగా టీచరమ్మ, గుమాస్తా. గుమాస్తా ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు, పొగ చూసిన సాక్షిగా.

ఆఫీసరమ్మ మేస్త్రినే ముందు అడిగింది. “నీకేమనిపిస్తోందమ్మా?”

“హోముకు వెళ్తానండీ,” అంది అది. “నల్ల క్లిప్పు నేను మర్చిపోయాను. ఇంకోసారి మర్చిపోతే ఇల్లు మొత్తం పోతుంది.”

బావ ఆ మాట విని, “నేనూ వస్తా,” అని లేచి నిలబడ్డాడు. సంచిలో బట్టలు కూడా తెచ్చుకున్నాడు, అప్పుడు చూశాం. చెల్లి ఆయన చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది.

లేచాను. “అది మర్చిపోలేదండీ. నేను తీశాను.”

చెప్పాను. గుమాస్తా వెనక నుంచి, “నమ్మకండి మేడమ్. ఈయన నా సీటు దించి నన్ను ఆస్పత్రి పాలు చేసిన మనిషి,” అన్నాడు. టైపాయన నవ్వాడు. ఆఫీసరమ్మ నవ్వలేదు.

“మేనకోడలి కోసం చెప్తున్నారని అర్థమవుతోంది. కానీ ఇక్కడ అబద్ధం చెప్పకూడదు.”

“అబద్ధమైతే ఇంతకంటే బాగా చెప్పేవాణ్ణి,” అన్నాను, గొంతు లేచింది. “నాకు అబద్ధం చెప్పడం రాదా? చక్కగా అల్లి, మీచేత అయ్యో అనిపించేవాణ్ణి కదా. ఇది నిజం గనకే ఇంత రోతగా ఉంది.”

జేబులో నుంచి క్లిప్పు తీసి బల్ల మీద పెట్టాను.

“ఇలాంటివి ఏ కొట్లోనైనా దొరుకుతాయి,” అన్నాడు గుమాస్తా.

మేస్త్రి చెయ్యి చాపి దాన్ని తీసుకుంది. వెనక్కి తిప్పి స్ప్రింగుకు చుట్టిన రాగి తీగ చూసింది. ఎన్ని చుట్లున్నాయో గోరుతో లెక్కపెట్టింది. తర్వాత నా వైపు చూసింది. ఆ చూపు గురించి రాయను.

అది నన్ను ఒక్క మాట అడగలేదు. తల్లి వైపు తిరిగి, క్లిప్పు ఆమె ఎదురుగా పట్టుకుంది.

“అమ్మా. ఇది ఎవరు తీశారు?”

చెల్లి వెంటనే తల ఎత్తింది. ఇన్ని రోజులూ ఎవరూ దాన్ని దానికి తెలిసిన మాటలో అడగలేదు.

“అన్న తీశాడు.”

“నువ్వు చూశావా?”

“చూశా. జేబులో వేసుకున్నాడు.”

“మరి పొయ్యి ఆర్పడం ఎవరి పని?”

“అన్న పని,” అంది చెల్లి, ఇది కూడా అడగాలా అన్నట్టు. “క్లిప్పు అన్న దగ్గరుంది.”

ఆఫీసరమ్మ పెన్ను కింద పెట్టింది. ఆ పిల్ల దగ్గరే నేర్చుకుని, నెమ్మదిగా అడిగింది.

“పసుపు క్లిప్పు మళ్ళీ పెట్టింది ఎవరమ్మా?”

“అన్న.”

“పాప పెట్టిందనుకోలేదా?”

చెల్లి తల అడ్డంగా ఊపింది. వేళ్ళతో చూపించింది. “పాప పెడితే తోక కిందికి. అన్న పెడితే తోక పైకి.”

“ప్రతిసారీ తెలిసేదా?”

“తెలుసు.”

“తెలిసి కూడా ఎందుకు...” అని ఆఫీసరమ్మ నాలుక కరుచుకుంది. ‘ఎందుకు’ వినగానే చెల్లి తల దించుకుంది.

దానికి బావ జవాబు చెప్పాడు. ఒళ్ళో సంచి పట్టుకుని, ఎంతో సంతోషంగా చెప్పాడు. “నేను మళ్ళీ నీళ్ళు పోసుకుంటే మా బావ నవ్వుతాడండీ. వెళ్ళు, వెళ్ళు, అన్న నవ్వుతాడు అంటుంది ఇది. చలేస్తుంది. అయినా వెళ్తా.”

ఈసారి గుమాస్తా కూడా నవ్వలేదు.

నాకు కోపం వచ్చింది. ఎంత కోపమంటే, బల్ల తిరగెయ్యాలనిపించింది. దాని మీదా ఆయన మీదా కోపం, ఒక్కసారి ‘పోరా’ అని ఉండొచ్చు కదా ఇన్నేళ్ళలో. ఆ ఇంట్లో తెలివి లేనిది ఎవరికో టీచరమ్మ ఉత్తరంలో తప్పు రాసిందని కోపం. నేను ఆడిస్తున్నాననుకున్నాను. వాళ్ళిద్దరూ కూడబలుక్కుని, చలిలో వణుకుతూ, నన్ను సంతోషపెడుతున్నారు. ఆరోజు పొయ్యి దగ్గర కూడా దానికి ఏ అనుమానమూ రాలేదు. అన్న ఉన్నాడు, క్లిప్పు అన్న దగ్గరుంది. ఆ ఇంట్లో క్లిప్పు తీసి పని చెయ్యని మనిషి అప్పటిదాకా పుట్టలేదు.

తిరుగు ప్రయాణంలో మేస్త్రి నా పక్కన కూర్చోలేదు.

ఆగస్టు 21

కాగితం వచ్చింది. పిల్ల ఇంట్లోనే ఉంటుంది. ఆరు నెలలు టీచరమ్మ వారానికోసారి వచ్చి చూడాలి. పొయ్యి దానంతటదే ఆరిపోయేది పెట్టించాలి. మూడో షరతు నా గురించి: మేనమామ ఆ ఇంట్లోకి, బాధ్యత గలవారి అనుమతి లేకుండా ప్రవేశించరాదు.

బాధ్యత గలవారు అంటే ఎవరని మా ఆవిడను అడిగాను.

“పన్నెండేళ్ళావిడ,” అంది. విచారణ తర్వాత నాతో పలికిన మొదటి మాట.

సాయంత్రం మేస్త్రి గోడ దగ్గరికి వచ్చింది. చేతిలో చెక్క క్లిప్పు ఉంది, రంగు లేనిది. “కిటికీ ఊచకు ఇది ఉంటే రావచ్చు. లేకపోతే రాకూడదు,” అంది.

“ఎప్పుడు పెడతావు?”

“పెట్టినప్పుడు.”

నల్ల క్లిప్పు విషయం దానికి నేను చెప్పాలని, ఆరోజు షాపులోనే చెప్పాల్సిందని, ఏదో మొదలుపెట్టాను. వినలేదు. “నేను పోవడానికి బట్టలు సర్దుకున్నాను మామయ్యా,” అంది. వెళ్ళిపోయింది.

ఆగస్టు 22

లేదు.

ఆగస్టు 23

లేదు. దానంతటదే ఆరే పొయ్యి కొని గోడ మీద నుంచి అందించాను. బావ అందుకున్నాడు.

ఆగస్టు 25

లేదు. గుమాస్తా వచ్చి, నన్ను చూసి, పొగ ఊసెత్తకుండా వెళ్ళిపోయాడు. అతని సైకిలు షాపు ముందే ఉంది. సీటు సరిగ్గా ఉండాల్సిన ఎత్తుకు లేపాను. అదీ పరాచికమే అనుకుంటాడు.

ఆగస్టు 26

లేదు.

ఆగస్టు 29

లేదు. ఏం పొగరు దానికి. నా చేతుల్లో పెరిగిన పిల్ల. ఊచకు ఒక్క చెక్క ముక్క తగిలించడానికి చెయ్యి రాదు. నేను తప్పు చేశాను, ఒప్పుకున్నాను, టైపు కూడా చేయించుకున్నాను. ఇంకేం కావాలట.

(తర్వాత చదివాను. దాని చెయ్యి ఇంకా పూర్తిగా ముడుచుకోవడం లేదు. క్లిప్పు నొక్కడానికి పిడికిలి ముడవాలి. ఈ పేజీ చించేద్దామనుకుని ఉంచాను.)

ఆగస్టు 31. ఆదివారం.

పొద్దున తొమ్మిదింటికి షాపు తలుపు తీసి గోడ మీదుగా చూశాను. ఊచకు చెక్క క్లిప్పు ఉంది.

చొక్కా మార్చుకున్నాను. మా ఆవిడ తల దువ్వుకోమంది, దువ్వుకున్నాను. గోడ దూకకుండా వీధి చుట్టూ తిరిగి, వాకిట్లో నిలబడి దగ్గి, ఊచకున్న క్లిప్పు తీసి చేతిలో పట్టుకుని, చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళాను. ఆఫీసరమ్మలాగా.

మేస్త్రి వంటింటి గోడకు సున్నం వేస్తోంది. చూసి బ్రష్షు ఆపింది.

“ఎవరు రమ్మన్నారు?”

“క్లిప్పు ఉందిగా,” అన్నాను, చూపించి.

“నేను పెట్టలేదే.”

ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. మూలన ఏదో చప్పుడైంది. చెల్లి నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. పక్కన బావ, కళ్ళు గట్టిగా మూసుకుని, నవ్వు బయటికి రాకుండా మొహం కందిపోయేలా బిగపట్టి ఉన్నాడు. నా మొహం చూశాక ఇంక వాళ్ళ వల్ల కాలేదు.

క్లిప్పు ఊచ మీద తోక పైకి ఉండింది. ఇప్పుడు గుర్తొస్తోంది. చూశాను కూడా, పట్టించుకోలేదు. నేను పెట్టినట్టే పెట్టింది చెల్లి.

ఎవరి ముందూ ఇంత వెర్రిమొహం వేసుకుని నిలబడలేదు నేను. తల దువ్వుకుని మరీ. చెవుల దాకా మండింది. వెనక్కి తిరిగాను.

“ఆగు,” అంది మేస్త్రి. దాని మొహంలో నవ్వు లేదు. “క్లిప్పు నువ్వే తీశావా?”

“తీశాను.”

“అయితే పని నీది.”

“ఏం పని?”

పొయ్యి కింద నుంచి గిన్నె ఒకటి తీసి నా కాళ్ళ ముందు పెట్టింది. ఆ గిన్నే. లోపలా బయటా బొగ్గులా ఉంది. నెల రోజులుగా ఎవరూ పారెయ్యలేదు, ఎవరూ తోమలేదు.

పెరట్లో పంపు దగ్గర కూర్చున్నాను. ఇసుకతో తోమాను, పీచుతో తోమాను, షాపు నుంచి ఉప్పుకాగితం తెప్పించుకుని తోమాను. చెల్లి పక్కన కూర్చుని పంపు కొట్టింది. కొడుతూ మధ్యమధ్య నా మొహం వైపు చూస్తోంది, నవ్వుతున్నానా లేదా అని.

మధ్యాహ్నానికి అంచులు తెల్లబడ్డాయి. అడుగు ఇంకా నల్లగానే ఉంది. పని అయితేనే క్లిప్పు డబ్బాలో వెయ్యాలి. అందుకని అది నా జేబులోనే ఉంది. రేపు మళ్ళీ వెళ్ళాలి.